ప్రెసిషనా, జాజా? మొదటి బేస్ గిటార్‌గా ఏది మేలు

బేస్ నేర్చుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: ప్రెసిషన్ బేస్ కొనాలా, జాజ్ బేస్ కొనాలా? షాపులో రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి. రెండింటికీ నాలుగే తీగలు, స్కేల్ (తీగ మోగే పొడవు) 34 అంగుళాలే, ధరలో కూడా చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండూ వాయించి చూస్తే చాలామందికి జాజే నచ్చుతుంది. డ్రమ్స్, కీబోర్డ్, రెండు గిటార్లు తోడయ్యాక లెక్క మారిపోతుంది. బ్యాండ్‌లో వాయించాలనుకునేవాళ్లకు మొదటి బేస్‌గా నేను ప్రెసిషన్‌నే చెబుతాను. జాజ్ తీసుకోవాల్సినవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతీ చెబుతాను.

రెండూ కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కంపెనీలో పుట్టినవే. 1951లో ప్రెసిషన్ వచ్చేనాటికి బ్యాండ్‌లో బేస్ అంటే మనిషంత ఎత్తుండే డబుల్ బేస్. దాన్ని ఊరూరా మోయాలి, అంత మోసుకెళ్లినా డ్రమ్స్, ట్రంపెట్ల మధ్య అది సరిగా వినిపించదు. దానికి ఫ్రెట్లు (స్వరస్థానాల దగ్గర అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) ఉండవు కాబట్టి వేలు కాస్త జరిగితే శ్రుతి పోతుంది. ఫెండర్ ఫ్రెట్లు పెట్టి, స్వరం కచ్చితంగా పలుకుతుందని చెప్పడానికే ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు మనకు తెలిసిన ప్రెసిషన్ రూపం మాత్రం 1957లో వచ్చింది. అందులో పికప్ (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఒక్కటే, కానీ రెండు ముక్కలు. ఈ (E), ఏ (A) తీగల కింది ముక్క నెక్ (గిటార్ మెడ) వైపు, డీ (D), జీ (G) తీగల కింది ముక్క బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) వైపు ఉంటాయి. అందువల్ల లావు తీగలు నిండుగా, సన్న తీగలు కాస్త బిగువుగా పలుకుతాయి. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు విడి పికప్‌లు, సన్నటి నెక్, నడుము దగ్గర ఏటవాలుగా జరిగిన బాడీ.

ఈ పికప్‌ల తేడా దగ్గరే నేను ప్రెసిషన్ వైపు మొగ్గుతాను. ప్రెసిషన్‌లోని రెండు ముక్కల కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటాయి కాబట్టి బయటినుంచి వచ్చే కరెంటు హమ్‌ను (గుయ్‌మనే మోతను) రద్దు చేసుకుంటాయి. మీరు ఏ నాబ్ ఎలా తిప్పినా ఈ రక్షణ పోదు. జాజ్‌లో ఆ పని రెండు పికప్‌లు కలిసి చేయాలి. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెడితే హమ్ పోతుంది. ఒకదాన్ని తగ్గించిన కొద్దీ హమ్ మెల్లగా పైకొస్తుంది. చిక్కేమిటంటే జాజ్ బేస్ అందమంతా ఆ నాబ్‌లు ఎక్కువతక్కువలు చేయడంలోనే ఉంది. రెండూ పూర్తిగా పెడితే మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) కొంచెం లోపలికి పోయి గాజులాంటి శుభ్రమైన శబ్దం వస్తుంది. నెక్ పికప్‌ను ఒక్క పిసరు తగ్గిస్తే మిడ్స్ తిరిగొచ్చి స్వరానికి ముఖం వస్తుంది, దాంతోపాటు కాస్త హమ్ కూడా.

రికార్డింగ్ స్టూడియోలో ఇది పెద్ద విషయం కాదు. మనవైపు ఫంక్షన్ హాళ్లలో మాత్రం చాలా పెద్ద విషయం. సీరియల్ లైట్లు, డిమ్మర్లు, బయట జెనరేటర్, ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్‌పాయింట్లు, అన్నీ ఒకేచోట ఉంటాయి. దీనికితోడు మన దేశంలో కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. ఈ (E) తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే జీ స్వరం 49 హెర్ట్జ్. ఖాళీగా వాయించే జీ తీగ 98, హమ్ తాలూకు రెండో అంతస్తు, అంటే దానికి రెట్టింపు, 100. అంటే హమ్ వెళ్లి సరిగ్గా జీ స్వరం పక్కనే, కొంచెం అపశ్రుతిలో కూర్చుంటుంది. ఖాళీ జీ తీగను మీటి పొడుగ్గా నిలిపితే, హమ్ బలంగా ఉన్న హాల్లో అది సెకనుకు రెండుసార్లు ఊగినట్టు వినిపిస్తుంది. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న అమెరికాలో ఈ గొడవ ఇదే స్వరం మీద ఉండదు. జాజ్ గురించి అక్కడివాళ్లు చెప్పే మాటలను ఇక్కడ యథాతథంగా తీసుకోకూడదనడానికి ఇదొక కారణం. హమ్ రాని జాజ్ పికప్‌లు కూడా విడిగా దొరుకుతాయి, బాగానే ఉంటాయి, కానీ మొదటి బేస్ కొనేటప్పుడు ఆ అదనపు ఖర్చు ఎందుకు?

రెండో కారణం బ్యాండ్‌లో బేస్ నిలబడే చోటు. ప్రెసిషన్ శబ్దంలో దిగువ మిడ్స్ దండిగా ఉంటాయి. ఒంటరిగా వింటే కాస్త మొద్దుగా, ఒకే రంగులో ఉన్నట్టు అనిపిస్తుంది. కిక్ డ్రమ్‌తో కలిశాక ఆ మొద్దుతనమే పాటకు నేల అవుతుంది. సౌండ్ ఇంజినీర్ ఎవరైనా, హాలు ఎలాంటిదైనా, ఫేడర్ పైకి తోస్తే చాలు, బేస్ ఉండాల్సిన చోట ఉంటుంది. జాజ్‌లో రెండు పికప్‌లూ పెట్టినప్పుడు వచ్చే మిడ్స్ తగ్గిన, మెరుపున్న శబ్దం వేదిక మీద గిటార్ల మధ్య తరచుగా కనిపించకుండా పోతుంది. అప్పుడు వాయించేవాడు ఇంకా గట్టిగా మీటుతాడు, తాళం బిగుసుకుపోతుంది.

నెక్ విషయానికొస్తే జాజ్‌ది తేలిక. నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర జాజ్ వెడల్పు 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్‌ది మోడల్‌ను బట్టి 41 నుంచి 44. చెయ్యి చిన్నదైనా, అప్పటిదాకా మామూలు గిటార్ వాయించినా జాజ్ త్వరగా చేతికొస్తుంది. ఇది నిజమైన సౌకర్యమే. అయితే మొదటి రెండు మూడు వారాల ఇబ్బంది చూసి ప్రెసిషన్‌ను వదిలేయొద్దు, చెయ్యి అలవాటు పడుతుంది.

ఈ రెండు వాద్యాలు ఎంత దూరం వెళ్లగలవో తెలియాలంటే ఇద్దరిని వినాలి. అమెరికాలో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీ స్టూడియోలో 1960ల పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ చేతిలో ఉన్నది 1962 ప్రెసిషన్. లావుపాటి లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా ఉండే) తీగలు, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జ్ మూత కింద స్పాంజి ముక్క. మీటడానికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. మృదంగం ఎడమ మూతకు రవ్వముద్ద పెట్టి మోతను లోతుగా, గుండ్రంగా చేస్తారు కదా, ఆ స్పాంజి, ఆ పాత తీగలు చేసిన పని అలాంటిదే. అంత అణిచిపెట్టిన శబ్దంతో ఆయన వాయించిన వరసలు మాత్రం పక్షుల్లా ఎగురుతాయి. ఒక్క పికప్, ఒక్క టోన్ నాబ్ ఉన్న వాద్యంతో ఏం చేయగలం అనేవాళ్లకు నేను ముందు జేమర్‌సన్‌నే వినిపిస్తాను.

జాజ్ వైపు జాకో పాస్టోరియస్. ఆయనదీ 1962 మోడలే. ఫ్రెట్లు తీసేసి, రౌండ్‌వౌండ్ (గరుకు చుట్టు) తీగలకు ఫింగర్‌బోర్డ్ (వేళ్లు నొక్కే చెక్క) అరిగిపోకుండా పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. ఎక్కువగా బ్రిడ్జ్ పికప్ మీదే ఆధారపడి, చెయ్యి కూడా బ్రిడ్జ్ దగ్గరకు జరిపి మీటేవాడు. ఆ మనిషి గొంతులాంటి ముక్కు శబ్దం అక్కడినుంచి వచ్చింది. ప్రెసిషన్‌లో ఆ చోట పికప్పే లేదు కాబట్టి ఎంత ప్రయత్నించినా ఆ శబ్దం రాదు. మార్కస్ మిల్లర్ 1977 జాజ్ మీద బొటనవేలితో కొట్టే స్లాప్ శబ్దం కూడా అంతే. ఈ ఇద్దరి శబ్దమే మీ చెవుల్లో తిరుగుతుంటే ఇంక నా మాట వినక్కర్లేదు, జాజ్ తీసుకోండి.

తీగల గురించి ఒక మాట. ప్రెసిషన్‌కు, జాజ్‌కు మధ్య ఉన్న తేడా కంటే ఫ్లాట్‌వౌండ్‌కు, రౌండ్‌వౌండ్‌కు మధ్య తేడా చాలాసార్లు ఎక్కువ. రౌండ్‌వౌండ్ పైన చుట్టు గరుకుగా, శబ్దం మెరుపుగా ఉంటుంది, కానీ ఆ మెరుపు చెమటకు, ఉప్పుగాలికి త్వరగా పోతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఫ్లాట్‌వౌండ్ ధర ఎక్కువ, కానీ ఏళ్ల తరబడి ఉంటుంది, పాతబడిన కొద్దీ బాగుంటుంది, వేళ్లు జారేటప్పుడు కీచుమనదు. పాత పాటలు, మెలోడీలు ఎక్కువగా వాయించేవాళ్లు జాజ్‌కైనా సరే ఫ్లాట్‌వౌండ్ వేసి చూడాలి. జాజ్ మీద నాకున్న అభ్యంతరాల్లో సగం అక్కడ తీరిపోతాయి.

రెండూ కలిపిన పీజే సంగతేమిటని కొందరు అడుగుతారు. ఫెండర్ వాళ్ల తక్కువ ధర బ్రాండ్ స్క్వయర్‌లో అఫినిటీ ప్రెసిషన్ పీజేగానే వస్తుంది, కాబట్టి తక్కువ బడ్జెట్‌లో చూసేవాళ్లకు అడగకుండానే అది ఎదురవుతుంది. ప్రెసిషన్ పికప్‌కు తోడు బ్రిడ్జ్ దగ్గర ఒక జాజ్ పికప్. మామూలుగా పీ పికప్ గట్టిగా, జే పికప్ నీరసంగా వినిపిస్తాయి, జే ఒక్కటే పెడితే హమ్ వస్తుంది. ఇందులో జాజ్ దొరుకుతుందని ఆశపడొద్దు. మంచి ప్రెసిషన్, దానికి అవసరమైనప్పుడు కాస్త కారం వేసుకునే వీలు అనుకుంటే మాత్రం డబ్బుకు తగ్గ వాద్యమే.

ఏది కొన్నా, శబ్దాన్ని మార్చే పెడళ్ల కంటే ముందు ఒక డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) కొనండి. చాలాచోట్ల బేస్‌కు ఆంప్ ఉండదు, వైరు నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. బ్యాటరీ లేని మామూలు పికప్‌కు ఎదురుగా దాదాపు 1 మెగా ఓమ్ నిరోధం ఉన్న ఇన్‌పుట్ ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో పెట్టగానే పై శబ్దాలన్నీ చచ్చిపోయి, ప్రెసిషన్ ఏదో జాజ్ ఏదో తెలియని బురద మిగులుతుంది. అప్పుడు మనం గిటార్‌ను తిట్టుకుంటాం.

ఆ తర్వాత మొదటి పెడల్‌గా కంప్రెసర్ (వాల్యూమ్ ఎక్కువతక్కువలను సమం చేసేది) కొనాలా, ఓవర్‌డ్రైవ్ (శబ్దానికి కాస్త గరుకు తెచ్చేది) కొనాలా అంటే, ప్రెసిషన్ ఉన్నవాళ్లకు ఓవర్‌డ్రైవ్ అంటాను. ఖాళీ ఈ (E) తీగ మూల స్వరం 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ దాన్ని పలికించలేదు. దాని మీద పలికే పై హార్మోనిక్స్ (మూల స్వరానికి రెట్టింపు, మూడింతలు వంటి పై స్వరాలు) వినిపిస్తే చాలు, చెవి ఆ మూల స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. ఓవర్‌డ్రైవ్ ఆ హార్మోనిక్స్‌నే పెంచుతుంది. వినేవాడికి గరుకు తెలియనంత కొంచెం చాలు. మీరు పాట రికార్డ్ చేసి పెడితే ఎక్కువమంది ఫోన్‌లోనే వింటారు, అందుకే ఇది ముఖ్యం. పెడల్ మీద అసలు శబ్దాన్ని కూడా కలిపే బ్లెండ్ నాబ్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కింది బరువు పోతుంది. జాజ్‌తో స్లాప్ వాయించేవాళ్లకు మాత్రం ముందు కంప్రెసర్. బొటనవేలి దెబ్బకు, మామూలు మీటుకు మధ్య వాల్యూమ్ తేడా అంతగా ఉంటుంది. ఆక్టేవ్ పెడల్‌కు తొందరేం లేదు. ఖాళీ ఈ (E) తీగ మీద ఒక స్థాయి కిందికి వెళితే 20 హెర్ట్జ్, అది మనిషి చెవికి అంచు.

జాజ్ ఎవరికి మేలు అంటే, బ్యాండ్‌లో ముగ్గురే ఉండి బేస్ కూడా ఒక గొంతులా పలకాల్సినప్పుడు, ఎక్కువగా ఇంట్లోనే రికార్డ్ చేసుకునేటప్పుడు, స్లాప్ మీద మనసున్నప్పుడు, ఫ్రెట్లు లేని బేస్ వైపు వెళ్లాలనుకున్నప్పుడు. ఇళయరాజా పాటల్లో గాయకుడి పక్కన రెండో గొంతులా నడిచే బేస్ వరసలు నేర్చుకోవాలనుకునేవాళ్లకు కూడా సన్న నెక్ కలిసొస్తుంది. అయినా వాటిని ప్రెసిషన్ మీద వాయిస్తే ఉండే నిండుదనం నాకు ఎక్కువ ఇష్టం.

కొనడానికి వెళ్లినప్పుడు రెండూ ఆంప్‌కు పెట్టక ముందే ఉత్తగా వాయించండి. ఏ గిటార్ చెక్క మీ పొట్టకు ఎక్కువ వణుకు తెలియజేస్తుందో గమనించండి. తర్వాత ఆంప్‌కు పెట్టి, ప్రతి తీగ మీదా పన్నెండో ఫ్రెట్ స్వరం శ్రుతిలో ఉందో లేదో ట్యూనర్‌లో చూడండి. జాజ్ అయితే ఒక్కో పికప్‌ను విడిగా ఉంచి, షాపు లైట్ల వైపు తిరిగి హమ్ ఎంతుందో వినండి. ఈ (E) తీగను మొదటి ఫ్రెట్‌లోను, నెక్ బాడీలో కలిసే చోటా నొక్కిపట్టి, మధ్యలో తీగకు ఫ్రెట్‌కు ఎంత ఎడం ఉందో చూడండి, కాగితం పట్టేంత ఉంటే సరి. ఎడం మరీ ఎక్కువగా ఉండి, ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) తిప్పినా మారకపోతే ఆ వాద్యం వద్దు. షాపులో ఉన్న ప్రెసిషన్ నెక్ అలా వంగిపోయి, పక్కనున్న జాజ్ నెక్ నిటారుగా ఉంటే జాజే తీసుకుని ఇంటికి రండి.