ఐసీడీ ఎవరికి పెట్టాలి? ఈఎఫ్ నంబరా, కంప్యూటర్లో కట్టిన గుండెనా, ఏది మేలు?

మా బాబాయికి హార్ట్ ఎటాక్ వచ్చి కోలుకున్నాక ఎకో తీసి ఈఎఫ్ 42 అన్నారు, 35 పైనే ఉంది కాబట్టి ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే, ఒంట్లో అమర్చే పరికరం) అక్కర్లేదన్నారు, ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ 35 గురించి చదివేకొద్దీ నాకు భయం మళ్లీ మొదలైంది.

ఈఎఫ్ అంటే గుండె ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత శాతం బయటికి పోతోందన్న లెక్క. ఎకో చవక, చిన్న టౌన్లలో కూడా చేస్తారు, పెద్ద ట్రయల్స్ కూడా దీని మీదే జరిగాయి. ఎటాక్ అయ్యాక కనీసం 40 రోజులు ఆగి చూసి, 35 దాటకపోతే ఐసీడీ మాట ఎత్తుతారు. చిక్కల్లా ఏంటంటే ఇది పంపు బలం చెప్తుంది గానీ లోపల కరెంట్ ఎలా పాకుతోందో చెప్పదు. హఠాత్తుగా గుండె ఆగి చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఈఎఫ్ 35 పైన ఉన్నవాళ్లే, ఇటు చూస్తే ఐసీడీ పెట్టించుకున్న చాలామందికి అది షాక్ ఇవ్వాల్సిన అవసరమే రాదు.

రెండోది, అంటే కంప్యూటర్లో కట్టిన గుండె, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో నటాలియా ట్రయనోవా టీమ్ చేసింది. గాడోలినియం (స్కాన్‌లో తేడా కనపడటానికి ఇచ్చే మందు) ఎక్కించి ఎంఆర్ఐ తీస్తే ఎటాక్ మిగిల్చిన మచ్చ తెల్లగా కనపడుతుంది, దాని అంచుల్లో సగం చచ్చిన కండ ఉంటుంది, కరెంట్ అక్కడ నెమ్మదిగా పాకి తిరిగి మొదటికొచ్చి సుడి తిరిగితే అదే ప్రాణం తీసే అరిథ్మియా, అంటే గుండె లయ తప్పడం. ఆ స్కాన్‌తో ఆ మనిషి గుండెనే 3డీలో కట్టి, కంప్యూటర్లోనే చాలా చోట్ల పేసింగ్ చేసి (అంటే చిన్న కరెంట్ దెబ్బలు ఇచ్చి) సుడి పుడుతుందేమో చూస్తారు. 2016లో వచ్చిన వాళ్ల స్టడీలో 41 మంది పేషెంట్ల పాత స్కాన్లతో చేస్తే ఎవరికి అరిథ్మియా ముప్పు ఉందో ఈఎఫ్ కంటే బాగా పసిగట్టింది. నాకైతే అద్భుతం అనిపించింది.

కాకపోతే 41 మంది చాలా తక్కువ, పైగా వాళ్లందరి ఈఎఫ్ తక్కువే, మా బాబాయి లాంటివాళ్ల సంగతి దాంతో తేలదు. మచ్చ ఆకారం పేషెంట్‌దే గానీ కణాల కరెంట్ గుణాలు, కండ పోగుల దిశ మాత్రం అందరికీ వాడే లెక్కలే.

అందుకే 35 లోపు వచ్చినవాళ్లు డాక్టర్ ఐసీడీ పెట్టమంటే ఈ మోడల్ కోసం ఎదురుచూడొద్దు. 35 పైన ఉన్నవాళ్ల విషయంలోనే నా ఓటు ఎంఆర్ఐ వైపు, మోడల్ దొరక్కపోయినా మచ్చ ఎంతుందో అయినా తెలుస్తుంది కదా. బాబాయికి అది అవసరమా అని వచ్చే చెకప్‌లో డాక్టర్‌గారిని అడుగుతాం, గాడోలినియం ఇవ్వాలి కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్ట్ కూడా తీసుకెళ్తున్నాం.