పది నిమిషాల వంతు: కేంబ్రిడ్జ్, బ్లెచ్లీలలో పాత కంప్యూటర్ల వెంట

చెప్పులు బయట విడిచి, కాళ్లు గోనెపట్టాకి తుడుచుకుని, వరసలో నిలబడితేగానీ మా హైస్కూల్లో కంప్యూటర్ గదిలోకి రానిచ్చేవారు కాదు. 1986 నాటి మాట. అప్పటికి మా ఊళ్లో ఏసీ ఉన్నవి మూడే: సినిమా హాలు, బ్యాంకు మేనేజరుగారి గది, ఇది. కేంద్ర ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన ‘క్లాస్’ ప్రాజెక్టు కింద దేశంలో దాదాపు 250 బళ్లకు ముందుగా బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన బళ్లలో మాదీ ఒకటి. ఒక్కో మెషీన్‌కి ఐదుగురం. నా వంతుకి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మాస్టారు నా వెనకే నిలబడి, “మెల్లిగా నొక్కరా, అరిగిపోతుంది” అంటూనే ఉండేవారు.

పోయిన జూన్‌లో ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఉన్న మా మేనల్లుడి దగ్గరకు వెళ్లాను. వాడు లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, స్టోన్‌హెంజ్ అంటూ పెద్ద ప్లాను వేసి పెట్టాడు. నేను రెండే పేర్లు చెప్పాను. “కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ మ్యూజియమా? మావయ్యా, ఇంత దూరం వచ్చి కంప్యూటర్లు చూస్తావా? నేను రోజూ చూసి చస్తున్నా కదా” అన్నాడు. వాడు సాఫ్ట్‌వేర్. వాడి బాధ వాడిది.

మ్యాపులో చూస్తే మిల్టన్ కీన్స్‌కీ కేంబ్రిడ్జ్‌కీ పెద్ద దూరం లేదు. తీరా చూస్తే నేరుగా రైలు లేదు. లండన్ వెళ్లి యూస్టన్‌లో దిగి, కింగ్స్ క్రాస్‌లో మళ్లీ ఎక్కాలి. ఈ రెండు స్టేషన్ల మధ్య మెట్రో కోసం కిందికి దిగడం దండగ. బ్రిటిష్ లైబ్రరీ ముందు నుంచి నడిస్తే పదిహేను నిమిషాలు, దారిలో సెయింట్ పాంక్రస్ ఎర్ర భవనం ఉచితంగా చూడొచ్చు. కింగ్స్ క్రాస్ నుంచి ఫాస్ట్ రైలు దొరికితే 50 నిమిషాల్లో కేంబ్రిడ్జ్. తెలియక ఆగుతూ పోయే రైలు ఎక్కితే గంట దాటుతుంది. నేను ఎక్కింది అదే. ఉదయం రద్దీ తగ్గాక బయల్దేరితే టికెట్ బాగా తగ్గుతుంది.

కేంబ్రిడ్జ్‌లో బస మాత్రం జేబుకు చిల్లే. మిల్ రోడ్ పక్క సందులో ఒక ఇంట్లో గది తీసుకున్నాను, రెండు రాత్రులకు. ఫొటోలో గది హాలంత కనిపించింది. వెళ్లి చూస్తే మంచం, దానికీ గోడకీ మధ్య నేను. సూట్‌కేసు తెరవాలంటే మంచమెక్కాలి. బాత్రూం పక్క గదివాళ్లతో ఉమ్మడి అని ఎక్కడో చిన్న అక్షరాల్లో రాశారట. అయినా మిల్ రోడ్‌లో ఉండటం మంచిదే అయింది. రైల్వే స్టేషన్ దగ్గర, మన సరుకులమ్మే కొట్లున్నాయి, మ్యూజియానికి ఇరవై నిమిషాల నడక. ఊరి నడిబొడ్డున కాలేజీల పక్కన ఉండాలనే మోజు లేకపోతే అక్కడే దిగండి.

మ్యూజియం పేరు సెంటర్ ఫర్ కంప్యూటింగ్ హిస్టరీ. 2007లో హేవర్‌హిల్ అనే చిన్న ఊళ్లో మొదలై, 2013లో కేంబ్రిడ్జ్ వచ్చింది. కేంబ్రిడ్జ్ అనగానే రాతి గోపురాలు ఊహించుకుని వెళ్తే దారి తప్పామనుకుంటాం, ఎందుకంటే ఇది షెడ్లూ గోడౌన్లూ ఉండే సందులో ఉంది. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్లాలి. నేను వెళ్లిన రోజు లోపల టీ, బిస్కట్ల వరకే ఉన్నాయి. మేనకోడలు కట్టిచ్చిన పులిహోర బయట గోడ మీద కూర్చుని తిన్నాను.

లోపలికి అడుగుపెట్టగానే మొదట తగిలేది వాసన. వేడెక్కిన ప్లాస్టిక్, దుమ్ము, పాత టీవీ వెనక వచ్చే ఆ వాసన. తర్వాత శబ్దం. బల్లల మీద వరసగా పెట్టిన మెషీన్లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. అద్దాల బీరువాల్లో ఉన్నవి కొన్నే. మిగతావాటి ముందు కుర్చీ వేసి ఉంది, కూర్చుని ఆడుకోవడమే. 1980ల నాటి తరగతి గది ఒకటి అలాగే అమర్చారు. అందులో వరసగా బీబీసీ మైక్రోలు.

నేను నిజంగానే షూ విప్పబోయాను. ఎవరూ చూడలేదు.

లేత గోధుమరంగు డబ్బా, నల్ల కీలు, పైన ఒక వరస ఎర్ర కీలు. స్విచ్ వెనక ఉంటుంది. వేస్తే ముందు బొంగురుగా ఒక చప్పుడు, వెంటనే సన్నగా ఇంకోటి: “బో... బీప్.” ‘బీబీసీ కంప్యూటర్ 32కే’ అని తెర మీద తెల్ల అక్షరాలు, కింద ప్రోగ్రామ్ రాసే భాష పేరు ‘బేసిక్’, దాని కింద బాణం గుర్తు, మినుకుమనే గీత. ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత నా చూపుడువేలుకి ఏం కొట్టాలో తెలుసు. 10 ప్రింట్, నా పేరు. 20 గోటూ 10. రన్. తెర నిండా నా పేరు కిందనుంచి పైకి పాకుతూ పోతోంది. స్కూల్లో ఇది చేసినందుకు మాస్టారు చెవి మెలిపెట్టారు, కరెంటు దండగని. ఇక్కడ పక్క కుర్చీలో ఒక తెల్ల కుర్రాడు అదే ప్రోగ్రామ్‌లో వాళ్ల టీచరు పేరు పెట్టి ఏదో రాసి నవ్వుతున్నాడు. నేను అక్కడ గంటన్నర కూర్చున్నాను.

అటువైపు బల్ల మీద జెడ్ఎక్స్ 81 ఉంది, సింక్లెయిర్ కంపెనీ చేసిన చిన్న కంప్యూటర్. 1981 మార్చిలో, తయారైన మెషీన్ దాదాపు 70 పౌండ్లకు, విడిభాగాలుగా కొని మనమే సోల్డరింగ్ చేసుకుంటే 50కి అమ్మారు. మెమరీ 1 కిలోబైటు. తెలుగు అక్షరానికి ఇప్పటి లెక్కలో మూడేసి బైట్లు కాబట్టి ఈ పేరా కూడా అందులో పట్టదు. చాలక 16 కిలోబైట్ల మెమరీ డబ్బా ఒకటి వెనక తగిలించుకునేవాళ్లు. అది వదులు. గంటసేపు టైపు చేశాక బల్ల కాస్త కదిలితే చాలు, డబ్బా ఊగి, చేసిందంతా గాలికి పోయేది. జనం బంకమట్టి లాంటిది పెట్టి అతికించుకునేవారట.

వలంటీరుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన నా ఉత్సాహం చూసి పవర్ సప్లై విప్పి పెట్టిన బీబీసీ మైక్రో దగ్గరికి తీసుకెళ్లారు. ఎవరి అటక మీదైనా ఇది దొరికితే గబుక్కున ప్లగ్గులో పెట్టకండి అన్నారు. లోపల కరెంటు వచ్చే చోట తేనెరంగు, గాజులా కనిపించే చిన్న డబ్బీ ఉంటుంది. మన రేడియో రిపేరువాళ్లు కండెన్సర్ అనేది. దాని పైతొడుగుకి ఏళ్ల మీద సన్నని బీటలు పడతాయి, పచ్చడి జాడీ మూకుడు మీద పడినట్టు. వాటిలోంచి తేమ లోపలి కాగితానికి ఎక్కుతుంది. కరెంటు ఇచ్చాక కాసేపు బాగానే ఉండి ‘ఢాం’ అంటుంది, గదంతా కంపుగొట్టే పొగ. విచిత్రమేమిటంటే చాలాసార్లు కంప్యూటర్ మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుందట. ఆయన వేలితో చూపించిన డబ్బీ మీద ఆ బీటలు నేను కళ్లద్దాలు తీసి దగ్గరగా చూశాను.

మర్నాడు ఊళ్లో తిరిగాను. కింగ్స్ పెరేడ్‌లో, కింగ్స్ కాలేజీకి ఎదురుగా ఆరో నంబరులో, జెడ్ఎక్స్ 81 తెచ్చిన క్లైవ్ సింక్లెయిర్ ఆఫీసు ఉండేది. అక్కడినుంచి రెండు నిమిషాలు నడిస్తే మార్కెట్ హిల్, అక్కడ 4ఏ లో, బీబీసీ మైక్రో చేసిన ఏకార్న్ కంపెనీ మొదలైంది. హిల్ అన్నారుగానీ కొండా గుట్టా ఏమీ లేదు, చదునుగా కూరగాయల బజారు. ఏకార్న్ పెట్టినవాళ్లలో ఒకడైన క్రిస్ కర్రీ అంతకుముందు చాలా ఏళ్లు సింక్లెయిర్ దగ్గరే పనిచేశాడు. 1978లో బయటికొచ్చి హెర్మన్ హౌజర్‌తో కలిసి సొంత కొట్టు పెట్టాడు. బీబీసీ టీవీ తన కంప్యూటర్ కార్యక్రమానికి మెషీన్ కావాలన్నప్పుడు ఇద్దరూ పోటీపడ్డారు, దక్కింది ఏకార్న్‌కి. ఆ కక్ష 1984 డిసెంబరులో బ్రిడ్జ్ స్ట్రీట్‌లో బేరన్ ఆఫ్ బీఫ్ అనే పబ్బులో బయటపడింది. పేపర్లో ఏకార్న్ వేసిన ఒక ప్రకటన చూసి మండిపోయిన సింక్లెయిర్, కర్రీని చుట్టిన పేపరుతో కొట్టాడు. నేను ఆ పబ్బులో నిమ్మరసం సోడా తాగి వచ్చాను. చెప్పుకోవడానికి తప్ప ఈ నడకలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. కాలేజీలు చూసేవాళ్లు దారిలో ఓ చూపు వేస్తే చాలు.

రెండోది బ్లెచ్లీ. మిల్టన్ కీన్స్‌కి పక్కనే కాబట్టి మేనల్లుడు కారులో తీసుకెళ్లాడు, ఆరేళ్ల కూతురితో సహా. రైల్లో వచ్చేవాళ్లకైతే స్టేషన్ నుంచి నడిచేంత దూరమే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బ్లెచ్లీ పార్క్ వేరు, నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్ వేరు. ఆవరణ ఒకటే, సంస్థలు రెండు, టికెట్లూ రెండు. యుద్ధకాలపు గూఢలిపుల కథ కావాలంటే మొదటిది, దాని టికెట్ ఏడాదంతా చెల్లుతుంది. మెషీన్లు కావాలంటే రెండోది, హెచ్ బ్లాకులో. నా లెక్కలో ఒకే పూట ఉంటే రెండోదే. మేం రెండూ ఒకే రోజు పెట్టుకుని, పిల్ల కాళ్లు నొప్పులని ఏడుస్తుంటే ఎత్తుకుని తిరిగాం. అలా చేయకండి.

హెచ్ బ్లాకులో టోనీ సేల్ బృందం తిరిగి కట్టిన కొలోసస్ ఉంది, యుద్ధంలో గూఢలిపులు విప్పిన మెషీన్. రెండున్నర వేల దాకా వాల్వులు, అంటే వేడెక్కే గాజు గొట్టాలు. ఆ గదిలోకి వెళ్తే పెళ్లి వంటశాల పక్కన నిలబడినట్టు వెచ్చగా తగులుతుంది. కాగితం టేపు చక్రాల మీద కంటికి ఆనని వేగంతో తిరుగుతుంది. నాకు అంతకన్నా నచ్చింది ‘విచ్’. 1951లో హార్వెల్ అణు పరిశోధన కేంద్రంలో నడవడం మొదలుపెట్టిన రెండున్నర టన్నుల మెషీన్, 2012లో మళ్లీ ప్రాణం పోశారు. అంకెలన్నీ నారింజరంగు చుక్కలుగా గాజు గొట్టాల్లో చుట్టూ తిరుగుతాయి, రెండు సంఖ్యలు గుణించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. లెక్క ఎక్కడిదాకా వచ్చిందో కంటితో చూడొచ్చు. టిక్కుటిక్కుమంటూ చుక్కలు పరిగెత్తుతుంటే పిల్ల కాళ్ల నొప్పి మర్చిపోయింది.

ఇక్కడా బీబీసీ మైక్రోల తరగతి ఉంది. పిల్లని కూర్చోబెట్టాను. రెండు అరచేతులతో కీబోర్డు మీద డప్పు వాయించింది. “మెల్లిగా నొక్కమ్మా, అరిగిపోతుంది” అన్నాను. మేనల్లుడు నావైపు అదోలా చూశాడు. “ఎందుకు అరుగుతుంది తాతా?” అని ఇంకా గట్టిగా కొట్టింది. దగ్గరున్న వలంటీరు కొట్టనివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

బల్ల ముందు కూర్చుని ఆడుకోవాలంటే కేంబ్రిడ్జ్, నిలబడి నోరు తెరుచుకుని చూడాలంటే బ్లెచ్లీ. పిల్లలు పక్కనుంటే కేంబ్రిడ్జ్‌కే నా ఓటు, బోలెడు వీడియో గేములు కూడా ఉన్నాయి కాబట్టి.

ఇంతటితో ఊరుకుంటే బాగుండేది. మేనల్లుడి ఇల్లు చేరాక ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర సింక్లెయిర్ కంపెనీదే జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కొన్నాను. 1982 ఏప్రిల్‌లో వచ్చిన రబ్బరు కీల మోడల్, 48 కిలోబైట్లు. అప్పట్లో 175 పౌండ్లు, నాకు 60కి వచ్చింది. ‘పరీక్షించాం, పనిచేస్తుంది’ అని రాశాడు. కీబోర్డులో సగం కీలు చచ్చి ఉన్నాయి. రాస్తే జవాబు లేదు. తప్పు నాది కూడా. తెరలో అక్షరాలు పడుతున్న ఫొటో అడక్కుండా పాత మెషీన్ కొనకూడదు. జబ్బు మాత్రం అందరికీ తెలిసిందే. రబ్బరు కింద ఎక్స్‌రే ఫిల్ములాంటి పలుచని పొర ఉంటుంది, దాని తోకలు ఎండి చిట్లిపోతాయి. నయం ఏమిటంటే నలభై ఏళ్ల తర్వాత కూడా కొత్త పొరలు తయారుచేసి అమ్మేవాళ్లున్నారు. వంటగది బల్ల మీద స్క్రూలు విప్పి, మేనల్లుడు ఫోన్ టార్చ్ పట్టుకుంటే నేను మార్చాను. పీ నొక్కగానే ‘ప్రింట్’ అని మాట మొత్తం పడింది. స్పెక్ట్రమ్‌లో అంతే, ఒక్కో కీకి ఒక్కో మాట. అప్పుడు మాత్రం వాడు, “ఒకసారి నన్ను కొట్టనీ మావయ్యా” అన్నాడు.

తెనాలి తెచ్చాక పనులు ఇంకొన్ని తగిలాయి. అడాప్టరుకి ఇంగ్లండు పలకల పిన్నులు, దానికి కన్వర్టరు. బొమ్మ కోసం అటక మీది పాత డబ్బా టీవీ దింపి, యూహెచ్ఎఫ్‌లో 36వ ఛానెల్ చుట్టూ వెతికితే దొరికింది. శబ్దం మెషీన్ లోపలి స్పీకరులోంచే వస్తుంది కాబట్టి టీవీ పద్ధతి తేడా అడ్డురాలేదు. ఇక గేమ్ క్యాసెట్ ఎక్కించాలి. మా టేప్‌రికార్డర్ బెల్టు కరిగి జిగురైపోయింది. బస్టాండ్ దగ్గర రిపేరు షాపతను ఏదో బెల్టు వెతికి వేశాడు, 80 రూపాయలు.

జే నొక్కితే ‘లోడ్’, పక్కన రెండు కొటేషన్ గుర్తులు. ఎంటర్. టేపు తిరగ్గానే గడియ పడని తలుపు గాలికి ఆగకుండా కీచుమన్నట్టు గోల, తెర అంచున ఎరుపు, లేత నీలం పట్టీలు, తర్వాత నీలం, పసుపు పట్టీలు. ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాక: ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్.’ టేపు చదివే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ పావు చుట్టు తిప్పి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. మూడోసారి తిప్పుతుంటే మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏమండీ, దాన్ని కాసేపు ఆపండి. వీధి కుక్కలన్నీ మన గేటు దగ్గరికే వచ్చాయి.”

ఇంకొక్క ఐదు నిమిషాలన్నాను.