ప్రాసెసర్‌కా, గ్రాఫిక్స్ కార్డుకా?

ఆటలాడే కంప్యూటర్ కొనాలి, చేతిలో సొమ్ము మాత్రం పరిమితం. ఖరీదైన ప్రాసెసర్‌కు మధ్యరకం కార్డు జతచేయాలా, సాదా ఆరు కోర్ల (కోరు అంటే లెక్కలు చేసే విభాగం) ప్రాసెసర్‌తో సరిపెట్టుకుని మేలైన కార్డు కొనాలా? ఆటల కోసమే అయితే నా మొగ్గు చాలావరకు రెండోదానికే.

ఫ్రేములో, అంటే తెరపై క్షణక్షణం మారే ఒక్కో బొమ్మలో, ఎవరు ఎక్కడ ఉండాలో, ఎటు కదలాలో ప్రాసెసర్ లెక్కకడుతుంది. దానికి రంగూ వెలుగూ అద్దేది కార్డు. 1080పీ తెరపై పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు) సుమారు 20 లక్షలు, ఇంకా స్పష్టమైన 4కే తెరపై 80 లక్షలు దాటుతాయి. కార్డు మీద భారం నాలుగింతలవుతుంది, ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అంతే. 4కే తెర ముందు కూర్చుని కథా ప్రధానమైన ఆటలు ఆడేవారు ఖరీదైన ప్రాసెసర్ కొంటే దానికి కునుకు తీయడానికి జీతం ఇచ్చినట్టే.

సెకనుకు 240 ఫ్రేములు కావాలనే షూటింగ్ ఆటల వీరులది వేరే లోకం. 60 ఫ్రేములకైతే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 240కి 4.2 మాత్రమే. ప్రాసెసర్ ఆ లోపే లెక్క ముగించాలి కనుక అక్కడ మొదటి దారే, అంటే ఖరీదైన ప్రాసెసరే గెలుస్తుంది. వందల సైనికులు కదిలే వ్యూహపు ఆటల్లోనూ అంతే. అయితే కోర్లు లెక్కపెట్టి మోసపోవద్దు: రైజెన్ 7 7800ఎక్స్3డీ అనే ప్రాసెసర్‌కి ఆటల్లో పేరు తెచ్చింది ముఖ్యంగా 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన జ్ఞాపకం).

ఇప్పటికే కంప్యూటర్ ఉంటే ఆటలో రిజల్యూషన్ (పిక్సెళ్ల సంఖ్య) బాగా తగ్గించి చూడండి. సెకనుకు వచ్చే ఫ్రేములు పెరగకపోతే అడ్డుపడుతున్నది దాదాపుగా ప్రాసెసరే. పెరిగితే కార్డు. మార్చడానికీ కార్డే సులువు. కొత్త ప్రాసెసర్ ఒక్కోసారి మదర్‌బోర్డునూ (భాగాలన్నీ అమర్చే పలక), ర్యామునూ వెంట లాక్కొస్తుంది.