ముందే ఉరకాలా, కాక్ కొట్టేదాకా ఆగాలా: ఏది మేలు?

కొండాపూర్‌లో మేం బ్యాడ్మింటన్ ఆడే కోర్టుకి శనివారం పొద్దున ఆరింటికి ఒక అంకుల్ వస్తాడు, అరవై దాటినయ్, స్మాష్ పెద్దగా లేదు, అయినా ముప్పై ఏళ్ల మమ్మల్ని అందర్నీ కోర్టంతా తిప్పేస్తాడు. నెట్ దగ్గర డ్రిబుల్ (కాక్‌ని మెల్లగా నెట్ అవతల పక్కనే పడేసే షాట్) పెడుతున్నట్టే రాకెట్ పెడతాడు, మనం ముందుకి ఉరికేస్తాం, సరిగ్గా అప్పుడు మణికట్టు కొంచెం తిప్పి వెనక లైన్ మీదకి టాస్, అంటే ఎత్తుగా లేపి కొట్టడం. ఆర్నెల్లు ఇదే చూశా. అడిగితే ఒకటే మాట, "నీకు తొందరెక్కువ బేటా, కాక్ కొట్టినంక ఉరుకు" అంటాడు.

కాలేజీలో కబడ్డీ ఆడిన నా ఫ్రెండ్ మాత్రం వేరే చెప్తాడు. చేతులు చూడకు, కళ్లు చూడకు, నడుము చూడు, నడుము అబద్ధం చెప్పదు అని.

కబడ్డీలో అది నూటికి నూరుపాళ్లు నిజం అనిపిస్తుంది నాకు. తెలుగు టైటాన్స్ కబడ్డీ మ్యాచ్‌కి వెళ్లినప్పుడు కూతకి వచ్చే రైడర్‌ని కాకుండా, చివర నిలబడి అతన్ని పట్టుకునే కార్నర్ డిఫెండర్‌నే చూస్తూ కూర్చోండి, తెలుస్తుంది. రైడర్‌కి ఉన్నది 30 సెకన్లు, అందులో చెయ్యి ఇటు ఊపుతాడు, తల అటు తిప్పుతాడు, ఒక కాలు ముందుకేసి వెనక్కి లాగుతాడు, మంచి డిఫెండర్ వీటికి కదలడు. ఎందుకంటే ఎన్ని వేషాలేసినా చివరికి ఆ మనిషి ఒళ్లు మొత్తం ఎటో ఒకవైపు పోవాల్సిందే, ఒంటి బరువంతా నడుము దగ్గరే ఉంటుంది, అది కదలకుండా మనిషి కదల్లేడు. రగ్బీలో పక్కకి తప్పించుకునే ఆటగాళ్ల మీద చేసిన పరిశోధనల్లో కూడా ఇదే తేలింది, తల భుజాలు మోసం చేస్తాయి, బరువు మాత్రం చెయ్యలేదు.

కానీ బ్యాడ్మింటన్‌లో పోయేది మనిషి కాదు కదా, కాక్! అంకుల్ నడుము ఉన్నచోటే ఉంటుంది, కాక్ వెనక్కి పోతుంది. నా ఫ్రెండ్ సలహా ఇక్కడ ఎందుకు పని చెయ్యట్లేదో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

మరి ఇక్కడ ఏం చూడాలి? 1987లో బయటికొచ్చిన ఒక పరిశోధనలో బ్రూస్ అబెర్నెథీ అనే ఆటల పరిశోధకుడు వాళ్లు ఒక పని చేశారు, ప్లేయర్ షాట్ కొట్టే వీడియోని మధ్యలో ఆపేసి, కొంత భాగం కప్పేసి, కాక్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నారు. కొత్తవాళ్లు రాకెట్ ఒక్కటే చూసి చెప్తున్నారు, ఆరితేరినవాళ్లు రాకెట్‌తో పాటు దాన్ని పట్టుకున్న చేతిని కూడా చదువుతున్నారు. రాకెట్ కంటే చెయ్యి ముందు కదులుతుంది కాబట్టి వాళ్లకి కబురు కొంచెం ముందే అందుతుంది అన్నమాట. సో ముందే చదవడం అనేది గాలి మాట కాదు, ఉంది. అయితే తైవాన్ మాజీ ప్లేయర్ తై జు యింగ్ లాంటివాళ్లు డ్రాప్‌కీ (నెట్ దాటగానే మెల్లగా పడే షాట్) టాస్‌కీ చెయ్యి ఒకేలా తెస్తారు, మార్పంతా చివర్లో మణికట్టులోనే. 2019 బాసెల్ వరల్డ్ చాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో మన సింధు ఆమెతో మొదటి గేమ్ 12-21 పోగొట్టుకుని తర్వాత 23-21, 21-19తో గెలిచింది, ఆ మ్యాచ్ దొరికితే ఆపి ఆపి చూడండి, ఎంత నేర్చుకోవచ్చో.

ముందే ఉరికితే ఇంకో నష్టం ఉంది. ఒకసారి మెదడు ముందుకి పో అని ఆర్డర్ ఇచ్చాక దాన్ని ఆపి వెనక్కి పో అని ఇంకో ఆర్డర్ ఇవ్వాలంటే మామూలు కంటే లేటవుతుంది, మొదటి పని తేలేదాకా రెండోది క్యూలో ఉంటుంది. మోసం పని చేసేదే ఆ గ్యాప్‌లో. ఒళ్లు కూడా అప్పటికే ముందుకి వాలిపోయి ఉంటుంది.

అలాగని ప్రతిసారీ ఆగుతా అంటే స్మాష్‌కి కుదరదు. మన అమలాపురం అబ్బాయి సాత్విక్ 2023లో కొట్టిన రికార్డ్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు, ఈకల వల్ల కాక్ తొందరగానే స్లో అవుతుంది నిజమే, అయినా చూశాక కదులుదాం అంటే అయిపోయింది, అక్కడ చెయ్యి చదవాల్సిందే.

నా లెక్క ఇది. అవతలి ప్లేయర్ నెట్ దగ్గర, కాక్ ఎత్తులో ఉండగా తీరిగ్గా అందుకుంటే ఆగడమే మేలు, వాడు కొట్టే క్షణానికి చిన్న గెంతు వేసి రెండు కాళ్ల మీద దిగాలి, ఎటైనా తొయ్యడానికి రెడీగా. వాడు వెనక కార్నర్‌లో సాగిపోయి లేటుగా అందుకుంటే మాత్రం ధైర్యంగా ముందే చదవండి, మోసం చెయ్యాలంటే టైమ్ కావాలి, ఆ టైమ్ వాడి దగ్గర లేదు, ఉన్నవి ఒకటో రెండో షాట్లు.

మొన్న శనివారం అంకుల్ డ్రిబుల్ పోజుకి నేను కదల్లేదు, టాస్ కొట్టాడు, కాక్ కింద నిలబడి తీరిగ్గా కొట్టా. నెట్ అవతల్నుంచి "ఆఁ, గిట్ల" అన్నాడు, ఆ తర్వాత పాయింట్‌కే నిజంగా డ్రిబుల్ పెట్టాడు.