డబ్బా ప్రాజెక్టా, లెక్కల అభ్యాసమా?

పిల్లలకు 30 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరపు అట్ట ఇచ్చి, నాలుగు మూలల్లో సమాన చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి మూతలేని డబ్బా చేయమనండి. ఎంత కత్తిరిస్తే డబ్బాలో ఎక్కువ పడుతుంది? కత్తిరించే చదరం భుజం 4 సెంటీమీటర్లయితే ఘనపరిమాణం 1936 ఘన సెంటీమీటర్లు, 6కు 1944, మధ్యలో 5కు సరిగ్గా 2000. పిల్లలు పట్టిక వేసుకుని వాదించుకుంటారు. అవకలనం (గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనిపెట్టడానికి పై తరగతుల్లో వాడే గణిత పద్ధతి) పేరు వినకముందే గరిష్ఠ విలువంటే ఏంటో తెలిసిపోతుంది.

అదే లెక్క సూత్రంతో అయితే నిమిషాల్లో తేలిపోతుంది, పీరియడ్‌లో ఇంకా చాలా చేయించొచ్చు. వేగం అభ్యాసంతోనే వస్తుంది, పరీక్షల టెన్షనూ తగ్గుతుంది. ప్రాజెక్టులో కత్తిరించేది ఒకరు, లెక్కేసేది ఒకరు, మిగతావాళ్లు ప్రేక్షకులు (గ్రూపు పనులన్నిటికీ ఉన్న రోగమే).

భిన్నాలకు, బీజగణితానికి నా ఓటు అభ్యాసానికే. ఘనపరిమాణం, సంభావ్యత మాత్రం ముందు చేత్తో చేయించి, తర్వాతే సూత్రం రాయించాలి.