స్టూప్సా, ఎల్కోనా? టెక్సాస్ ఏ అండ్ ఎం కోచ్ కుర్చీకి ఎవరు మేలు?

కెంటకీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ మార్క్ స్టూప్స్ టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి వచ్చేస్తున్నాడన్న వార్త 2023 నవంబరు 25 శనివారం రాత్రి గుప్పుమంది. తెల్లారేసరికి ఆ వార్త తేలిపోయింది. ఈలోపు పూర్వ విద్యార్థులు, విరాళాలిచ్చే పెద్దలు, హాస్టల్ గదుల్లో ఉన్న పిల్లలు, ఎవరి ఫోను వాళ్లు పట్టుకుని వద్దంటే వద్దని గోల చేశారు. చివరికి తాను కెంటకీలోనే ఉంటున్నానని స్టూప్స్ ప్రకటించాడు. సోమవారానికల్లా డ్యూక్ యూనివర్సిటీ నుంచి మైక్ ఎల్కో ఖరారయ్యాడు.

ఎల్కోని తేవడమే మేలని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. కానీ స్టూప్స్‌ని వద్దనడానికి ఆ రాత్రి చాలామంది చెప్పిన కారణాలు సరైనవి కావు. అందుకే ఈ పోలిక మళ్లీ మొదటి నుంచి చూడాలనిపించింది. ఇప్పటికీ ఏ కాలేజీలో కోచ్ కుర్చీ ఖాళీ అయినా అభిమానులు అవే కారణాలు పట్టుకుని కొట్టుకుంటున్నారు.

అమెరికన్ ఫుట్‌బాల్ అలవాటు లేనివాళ్లకు ఒక్క మాట. క్రికెట్‌లో కోచ్ తెర వెనక ఉంటాడు, మైదానంలో నిర్ణయాలు కెప్టెన్‌వి. కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నీ హెడ్ కోచ్‌వే. హైస్కూల్ పిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, జట్టుకి ఒప్పించి తెచ్చుకునేదీ అతనే. మూడు నాలుగేళ్లకు ఆటగాళ్లు మారిపోతారు. ఇప్పుడైతే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే వ్యవస్థ) వచ్చాక ఏడాదికే మారుతున్నారు. నిలిచి ఉండాల్సిన మనిషి కోచ్ ఒక్కడే. జీతాలు కోట్లలో ఉండడానికి కారణం అదే.

ఇక ఏ అండ్ ఎం సంగతి. హ్యూస్టన్‌కి వాయవ్యంగా ఉన్న కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో, కైల్ ఫీల్డ్‌లో 1,02,733 సీట్లున్నాయి. విద్యార్థులకు మాత్రం సీటు పేరుకే. ఆట ఉన్నంతసేపూ నిలబడే ఉంటారు. 1922 జనవరిలో జరిగిన ఒక మ్యాచ్‌లో గాయాలతో ఆటగాళ్లు తగ్గిపోతుంటే, పైన ప్రెస్ బాక్సులో ఉన్న కింగ్ గిల్ అనే విద్యార్థిని కిందికి పిలిచారు. అతను జెర్సీ వేసుకుని, అవసరమైతే దిగడానికి సిద్ధంగా చివరిదాకా నిలబడ్డాడు. ఆ పన్నెండో మనిషి పేరుమీదే ఇప్పటికీ అందరూ నిలబడతారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎంఎస్‌కి వెళ్లిన మనవాళ్లకు మొదటి మ్యాచ్‌లో రూల్స్ ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ముందూ వెనకా తెలియనివాళ్లు భుజాల మీద చేతులేసి, వరుసలు వరుసలుగా ఎడమకీ కుడికీ ఊగుతుంటే పై అంతస్తు కాంక్రీటు కాళ్ల కింద కదులుతున్నట్టు తెలుస్తుంది. అక్కడితో ఆ జట్టు మనదైపోతుంది.

ఇంత అభిమానం, ఇంత డబ్బు ఉండి కూడా జాతీయ టైటిల్ చివరిగా వచ్చింది 1939లో. కాన్ఫరెన్స్, అంటే కొన్ని కాలేజీ జట్లు కలిసి ఆడే లీగ్, టైటిల్ 1998లో. అభిమానుల కడుపుమంట ఎంతటిదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆ మంటలోనే 2017 డిసెంబరులో జింబో ఫిషర్‌ని తెచ్చారు. ఫ్లోరిడా స్టేట్‌కి 2013 సీజన్‌లో జాతీయ టైటిల్ గెలిపించిన కోచ్. 10 ఏళ్లు, 7.5 కోట్ల డాలర్లు, పైసా తగ్గకుండా మొత్తం గ్యారంటీ. 2020లో 9-1తో, అంటే 9 గెలుపులు, 1 ఓటమితో మురిపించాడు. 2021లో అలబామాని 41-38తో ఓడించాడు. ఆ ఏడాదే ఒప్పందం 2031 దాకా పొడిగించారు. మరుసటి ఏడాది దేశంలోనే నంబర్ వన్ అనిపించుకున్న రిక్రూట్లు చేతిలో ఉన్నా, సొంత మైదానంలో అపలాచియన్ స్టేట్ చేతిలో 17-14తో ఓడి, 5-7తో సీజన్ ముగించాడు. 2023 నవంబరు 12న పంపించేశారు. పంపించడానికి అయిన బాకీ దాదాపు 7.6 కోట్ల డాలర్లు. మన లెక్కలో 600 కోట్ల రూపాయలకు పైనే, అదీ పని మానిపించడానికి! పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఇంత ఖరీదుగా మరెక్కడా రుజువై ఉండదు.

కొత్త కోచ్ కోసం వినిపించిన పేర్లలో ఓరెగాన్ కోచ్ డాన్ లానింగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వయసు తక్కువ, ఊపు ఎక్కువ, జార్జియా 2021 టైటిల్ జట్టుకి డిఫెన్స్ (ప్రత్యర్థిని ఆపే విభాగం) నడిపినవాడు. వస్తే అందరూ ఎగిరి గంతేసేవాళ్లే. కానీ ఓరెగాన్ వదలనని అతనే తెగేసి చెప్పాడు. పైగా అతను కదిలితే ఓరెగాన్‌కి 2 కోట్ల డాలర్లు కట్టాలి.

జెఫ్ ట్రేలర్ పేరు మాత్రం నన్ను కాస్త ఆలోచింపజేసింది. టెక్సాస్‌లోని గిల్మర్ హైస్కూల్‌కి మూడు రాష్ట్ర టైటిళ్లు తెచ్చాడు. ఆ ఊరి స్టేడియానికి అతని పేరే పెట్టుకున్నారు. శాన్ ఆంటోనియోలోని యూటీఎస్‌ఏ యూనివర్సిటీని 2021, 2022 రెండేళ్లూ కాన్ఫరెన్స్ విజేతగా నిలిపాడు. టెక్సాస్ హైస్కూల్ కోచ్‌లందరూ అతన్ని తమవాడు అనుకుంటారు. రిక్రూటింగ్‌కి ఇంతకంటే బలం లేదు. అయితే చిన్న కాన్ఫరెన్స్ నుంచి నేరుగా ఏ అండ్ ఎం, కెంటకీ ఆడే ఎస్‌ఈసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లోకి, అదీ 600 కోట్ల దెబ్బ తిన్న వెంటనే దింపడం సాహసమే. మరో ఏడాదైతే నేనే అతనివైపు మొగ్గేవాణ్ణి.

మిగిలింది స్టూప్స్, ఎల్కో. స్టూప్స్ గురించి ఆ రాత్రి వినిపించిన మాటలు నాకు బాధ కలిగించాయి. కెంటకీ అంటే బాస్కెట్‌బాల్ ఊరు. అతను రాకముందు ఆ యూనివర్సిటీ ఫుట్‌బాల్ చరిత్ర మొత్తంలో 10 గెలుపుల సీజన్లు రెండే, 1950లో, 1977లో. స్టూప్స్ ఒక్కడే 2018లో, 2021లో మరో రెండు తెచ్చాడు. 2022లో పాత కోచ్ బేర్ బ్రయంట్ రికార్డు దాటి కెంటకీకి అత్యధిక విజయాలు అందించిన కోచ్ అయ్యాడు. ఆ బ్రయంట్ కూడా 1954లో కెంటకీ నుంచి ఏ అండ్ ఎంకి వచ్చినవాడే. మొదటి ఏడాది 1-9తో తల వంచుకుని, 1956లో కాన్ఫరెన్స్ గెలిపించాడు. కెంటకీ నుంచి వచ్చేవాడు మనకెందుకు అన్నవాళ్లు ఈ సంగతి మర్చిపోయారు.

ఎక్కువగా వినిపించిన ఇంకో అభ్యంతరం, ఇతను ఫిషర్ మనిషి అని. నిజమే, ఫ్లోరిడా స్టేట్‌లో 2010 నుంచి మూడేళ్లు ఫిషర్ దగ్గర డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (డిఫెన్స్ చూసే సహాయ కోచ్‌గా) చేశాడు. మరి ఎల్కో? 2018 నుంచి 2021 దాకా ఇదే ఏ అండ్ ఎంలో, అదే ఫిషర్ దగ్గర, అదే ఉద్యోగం చేశాడు. ఒకరికి మచ్చ అయినది రెండోవాడికి అర్హత ఎలా అవుతుంది?

స్టూప్స్‌ని వద్దనడానికి నా కారణం వేరు. అతని గీత అప్పటికే కిందికి దిగుతోంది. 2021లో సహాయ కోచ్ లియమ్ కోయెన్ అఫెన్స్ (పాయింట్లు తెచ్చే విభాగం) నడిపినప్పుడు 10 గెలుపులు. కోయెన్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాడు, 2022లో గెలుపులు 7కి పడ్డాయి. 2023లో కోయెన్ తిరిగొచ్చినా లీగ్ దశ ముగిసేసరికి మళ్లీ 7 దగ్గరే ఆగారు. ఎస్‌ఈసీలో ఆ రెండేళ్లూ 3-5. జార్జియాను ఒక్కసారి కూడా ఓడించలేదు. డిఫెన్స్ గట్టిదే, కానీ ఆ వైపు తన దగ్గరున్నంత సరుకు అఫెన్స్ వైపు ఎన్నడూ లేదు. కెంటకీకి తాను ఇవ్వగలిగిందంతా ఇచ్చేశాడని నాకనిపించింది. అడుగున ఉన్న జట్టుని ఓపికగా పైకి లేపాలంటే అతనే సరైనవాడు. ఏ అండ్ ఎంకి కావలసింది ఆ పని కాదు. ఆటగాళ్లు ఉన్నారు, డబ్బు ఉంది, వాళ్లతో ఉన్నదానికి మించి రాబట్టేవాడు కావాలి.

ఎల్కో దగ్గర నేను చూసింది అదే. 2021లో డ్యూక్ 3-9. అది కూడా బాస్కెట్‌బాల్ యూనివర్సిటీయే, పైగా చదువులో పట్టు విడవని ప్రైవేటు సంస్థ, ఎవరినిపడితే వాళ్లని తేవడం కుదరదు. మొదటి ఏడాదే 9-4 చేశాడు. 2023 సెప్టెంబరు 4న తొమ్మిదో ర్యాంకు క్లెమ్సన్‌ని 28-7తో ఓడించాడు.

నా మనసు తేల్చింది మాత్రం ఒక ఓటమి. సెప్టెంబరు 30న నోటర్ డామ్‌తో మ్యాచ్. చివరి నిమిషాల్లో డ్యూక్ 14-13తో ముందుంది. నోటర్ డామ్‌కి ఆఖరి ప్రయత్నం, నాలుగో డౌన్: ఆ ఒక్క ప్రయత్నంలో 16 గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి డ్యూక్‌ది. డ్యూక్ అంతసేపూ కట్టడి చేసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి అఫెన్స్‌ని నడిపే ఆటగాడు) శామ్ హార్ట్‌మన్ బంతి విసరకుండా తనే పరుగెత్తి 17 గజాలు లాగేశాడు. ఒక్క గజం తేడా. అర నిమిషం మిగిలుండగా టచ్‌డౌన్, 21-14. రెండేళ్ల కిందట 3-9 అయిన జట్టు నోటర్ డామ్‌ని ఆ స్థితికి తెచ్చింది. దగ్గరున్న ఆటగాళ్లతో ఇంతకంటే ఎవరూ రాబట్టలేరు.

ఎల్కోకీ లోటు ఉంది. హెడ్ కోచ్‌గా అనుభవం రెండేళ్లే. 2023లో క్వార్టర్‌బ్యాక్ రైలీ లెనార్డ్ గాయపడ్డాక డ్యూక్ మామూలు జట్టైపోయింది. పదకొండేళ్లు ఎస్‌ఈసీలో నిలబడ్డ స్టూప్స్‌తో పోలిస్తే ఈ లోటు చిన్నదేమీ కాదు. అయినా ఎల్కో ఏడాదికి 70 లక్షల డాలర్లకు, ఆరేళ్లకు వచ్చాడు. స్టూప్స్ అప్పటికే కెంటకీలో దాదాపు 90 లక్షలు తీసుకుంటున్నాడు. ఎదుగుతున్నవాడు తక్కువకు దొరుకుతుంటే, ఆగిపోయినవాడికి ఎక్కువ పెట్టడమెందుకు? పైగా కాలేజ్ స్టేషన్ పద్ధతులు, పెద్దమనుషుల జోక్యం, అన్నీ నాలుగేళ్లు లోపలుండి చూసినవాడు. అతను వెళ్లిపోయిన మరుసటి ఏడాదే ఫిషర్ జట్టు 5-7 అయిందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. కెంటకీ 2024లో 4-8, 2025లో 5-7, స్టూప్స్‌ని తీసేశారు. ఎల్కో మొదటి ఏడాది 8-5. 2025లో వరసగా 11 గెలిచి, సౌత్ కరోలినా మీద 30-3 వెనకబడి కూడా 31-30తో నెగ్గి, జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కి చేర్చాడు. అలాగని స్టూప్స్ కాలేజ్ స్టేషన్‌లోనూ ఇలాగే పడిపోయేవాడని తీర్మానించడం అన్యాయం. అక్కడి వనరులు కెంటకీలో లేవు.

ఎల్కో పని పూర్తయిందనడం కూడా తొందరపాటే. ఎస్‌ఈసీలోకి వచ్చిన టెక్సాస్ యూనివర్సిటీ చేతిలో 17-7, 27-17, రెండుసార్లూ ఓటమే. ప్లేఆఫ్‌లో కైల్ ఫీల్డ్‌లోనే మయామీ చేతిలో 10-3. మూడు మ్యాచ్‌ల్లోనూ డిఫెన్స్ తన వంతు లాక్కొచ్చింది, అఫెన్స్ చేతులెత్తేసింది. పైగా అఫెన్స్ నడిపిన కొలిన్ క్లైన్ ఇప్పుడు కాన్సాస్ స్టేట్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. కోయెన్ వెళ్లినప్పుడు స్టూప్స్ తడబడింది సరిగ్గా ఇక్కడే. 1998 తర్వాత రాని కాన్ఫరెన్స్ టైటిల్ రావాలంటే, ఎల్కో ముందు దాటాల్సింది ఈ గండమే.