ఇంటి వేలం ఆపించుకోవడానికి పెట్టుకున్న న్యాయవాది సేవ ఎలా ఉంది?

హైదరాబాద్‌లో గృహరుణంతో కొనుక్కున్న మా ఫ్లాటును బ్యాంకు వేలానికి పెట్టినప్పుడు, రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌లో, అంటే అందరూ డీఆర్‌టీ అనే చోట, మా తరఫున వాదించిన న్యాయవాది కార్యాలయం గురించి ఇది రాస్తున్నాను. మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక పేరు చెప్పడం లేదు.

ఈయన కంటే ముందు మరొకరిని కలిశాను. సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే వేలాన్ని ఆపే ఉత్తర్వు, తెస్తానని ఆయన ధైర్యం చెబితే పన్నెండు రోజులు ఆయన చుట్టూ తిరిగాను. బాకీ కోసం తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకునేందుకు వీలిచ్చే సర్ఫేసీ చట్టం 34వ సెక్షన్ ఇలాంటి వ్యవహారాల్లో సివిల్ కోర్టు జోక్యానికి అవకాశం లేకుండా చేసిందని, 17వ సెక్షన్ కింద డీఆర్‌టీకే వెళ్లాలని, అందుకు స్వాధీన చర్య జరిగిన నాటి నుంచి 45 రోజులే గడువని ఈయన మొదటి పావుగంటలోనే తేల్చారు. మాకు అప్పటికి ఆరు రోజులు మిగిలాయి.

ఈ కార్యాలయంలో నాకు బాగా నచ్చింది కాగితాలు చదివే తీరు. 60 రోజుల గడువుతో వచ్చిన డిమాండ్ నోటీసు, దానికి మేము పంపిన అభ్యంతరాల లేఖ, స్వాధీన నోటీసు, వేలం నోటీసు అన్నిటినీ తేదీల వారీగా బల్ల మీద పరిచారు. మా లేఖకు బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాల్సి ఉండగా అసలు ఇవ్వనేలేదు. మొదటి వేలానికి 30 రోజుల ముందు నోటీసు అందాలి. మాకు 24 రోజుల ముందు అందింది. పిటిషన్ మొత్తం ఈ రెండు లోపాల మీదే నిలబెట్టారు తప్ప, మా కష్టాల కథతో పేజీలు నింపలేదు.

వేలం రోజు వరకు డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చని బంధువులు చెబుతూ వచ్చారు. 2016 సవరణ తరువాత ఆ హక్కు వేలం నోటీసు ప్రచురణతోనే ముగుస్తుందని, 2023లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందని ఆయన నిర్మొహమాటంగా వివరించారు. ఇక్కడ ఓడితే అప్పీలు ట్రిబ్యునల్ ఉన్న కోల్‌కతాకు వెళ్లాలని, బాకీలో సగం ముందే జమ చేయాలని, తగ్గించినా అది 25 శాతానికి దిగదని కూడా ముందే చెప్పారు. స్టే తప్పక వస్తుందని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

స్టే వచ్చింది, షరతుతో: ఆరు లక్షలు రెండు వాయిదాల్లో కట్టాలి. మా బాకీ 28 లక్షలు కనుక ట్రిబ్యునల్ రుసుము 9,500 రూపాయలయింది. న్యాయవాది ఫీజు దానికి ఎన్నో రెట్లు. అయినా ఆ ఫీజుకు రసీదు అడిగితే ప్రతిసారీ రేపు రమ్మన్నారు.

అసలు ఇబ్బంది గుమస్తాతో వచ్చింది. పేజీల సంఖ్యలు తప్పుగా వేయడంతో ట్రిబ్యునల్‌లో పిటిషన్లు తీసుకునే విభాగమైన రిజిస్ట్రీ మా పిటిషన్‌ను వెనక్కి పంపింది, ఉన్న ఆరు రోజుల్లో రెండు అలా పోయాయి. ఒక విచారణకు వచ్చిన జూనియర్‌కు మా ఫైలులో ఏముందో కూడా తెలియదు. స్టే ఉత్తర్వు నకలు బ్యాంకుకు చేరిందో లేదో చెప్పేవారు లేక, చివరికి నేనే బ్యాంకు శాఖకు వెళ్లి ముద్ర వేయించుకుని వచ్చాను.

తుది విచారణ ఇంకా ఉంది. రెండో వాయిదా సొమ్ము కట్టిన చలానా ఫొటోతో సరిపెట్టకుండా ఈసారి నకలు స్వయంగా ఇచ్చి వచ్చాను. వకాల్తా మాత్రం ఆయన దగ్గరే ఉంచాను.